పొత్తుకు రెండు తరాజులు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, పొత్తుల ముచ్చట మొదలవుతుంది. నిన్నటిదాకా మతోన్మాదులని తిట్టిన నోరే ఇవాళ మిత్రపక్షమని పిలుస్తుంది. నిన్నటిదాకా భుజం కలిపి నడిచిన పార్టీ ఒక్క రాత్రిలో మతతత్వ శక్తి అయిపోతుంది. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగే విద్యార్థికి కూడా ఈ మాటల అసలు అర్థం తెలిసిపోయింది. సీట్లు కుదిరితే మిత్రపక్షం, కుదరకపోతే మతతత్వం!

ఈ నాటకం చూసి విసిగిన మనవాళ్లలో రెండు వాదనలు నడుస్తున్నాయి. మత పార్టీల నీడ కూడా మన మీద పడొద్దంటారు కొందరు. తెలంగాణకు పనికొస్తే ఎవరితోనైనా కలవొచ్చంటారు మరికొందరు. తెలంగాణ కోసం బొంత పురుగునైనా ముద్దు పెట్టుకోవాలన్న మాట ఉద్యమ రోజుల్లో ఊరూరా వినిపించిందే కదా! ఈ రెండు వాదనల్లోనూ సగం నిజమే ఉందని మేము అంటున్నాం. ఎందుకంటే రెండు పక్షాలూ ఒక్క తరాజుతోనే తూస్తున్నాయి. పొత్తును తూచాలంటే రెండు తరాజులు కావాలి.

మొదటిది, తెలంగాణ డిమాండ్ మీద ఆ పార్టీ ఎక్కడ నిలబడింది? రెండోది, ఆ పొత్తు ముగిసిన తెల్లారి మన బస్తీలో పక్కింటోళ్ల నడుమ ఏం మిగిలింది? ఒకటి చూసి ఇంకోటి మరిచిన ప్రతిసారీ మనం దెబ్బతిన్నాం. ఓరుగల్లు గడ్డ మీద నిలబడి ఆ లెక్క ఒకసారి తీద్దాం.

హన్మకొండ 1984

మత పార్టీతో పొత్తు అనేది ఉద్యమ కాలంలో పుట్టిన వింత కాదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ కూలదోసినప్పుడు ప్రజాస్వామ్యం కోసం కమ్యూనిస్టులు, బీజేపీ వాళ్లు ఒకే దిక్కున నిలబడ్డారు. నెల రోజుల్లో ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కారు. ఆ డిసెంబర్‌లో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి. నాలుగు వందలకు పైగా సీట్లు కాంగ్రెస్‌వే. బీజేపీకి దేశం మొత్తంలో వచ్చినవి రెండే రెండు. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, ఇంకోటి మన హన్మకొండ! తెలుగుదేశం అండతో నిలబడ్డ చందుపట్ల జంగారెడ్డి, పీవీ నరసింహారావు అంతటి నాయకుణ్ని ఓడించారు. అదే ఎన్నికల్లో అదే ప్రతిపక్ష గాలిలో మిర్యాలగూడలో సీపీఎం నేత భీమిరెడ్డి నరసింహారెడ్డి గెలిచారు.

హన్మకొండ జనం ఆ రోజు మతానికి ఓటేశారా? లేదు. ఢిల్లీ పెత్తనం మీద కోపంతో ఓటేశారు. కాషాయ జెండాను మోసినా, ఎర్రజెండాను మోసినా ఆ రోజు జనానికి కావాల్సింది ఒక్కటే. కాబట్టి జెండా రంగు చూసి ఓటరు మనసు చదవలేం.

అయితే ఆ పొత్తులో తెలంగాణ ఎక్కడుంది? కాగితం మీద ఒక్క ముక్క లేదు. మన ఉద్యోగులు స్థానికేతరుల నియామకాల మీద లొల్లి చేస్తే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. వచ్చి బీరువాలో పడుకుంది. దాన్ని ఎందుకు అమలు చేయలేదో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఈ నడుమ పదిహేనేళ్లలో ఎంతమంది నిరుద్యోగులకు వయసు దాటిపోయింది? ఎంతమంది ఉద్యోగులు పదోన్నతి లేకుండానే పదవీ విరమణ చేశారు? పొత్తు గెలిచింది, మనం గెలవలేదు.

ఎవరు ఎటు నిలబడ్డారు?

మొదటి తరాజు పట్టుకుందాం. మత పార్టీలన్నీ ఒక దిక్కు, లౌకిక పార్టీలన్నీ ఇంకో దిక్కు నిలబడి ఉంటే మన పని సులువయ్యేది. అట్లా జరగలేదు.

బీజేపీ 1997లో కాకినాడలో 'ఒక ఓటు, రెండు రాష్ట్రాలు' అని తీర్మానం చేసింది. 1999లో తెలుగుదేశంతో పొత్తు కుదరగానే ఆ తీర్మానాన్ని అటకెక్కించింది. 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ రాష్ట్రాలు పుట్టాయి. తెలంగాణ ఊసు లేదు. ఆ పార్టీలో ఉండలేక ఆలె నరేంద్ర బయటికొచ్చి తెలంగాణ సాధన సమితి పెట్టారు. అదే బీజేపీ 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లుకు ఓటేసింది. రాజ్యసభలో ఆ ఓట్లు లేకుంటే బిల్లు గట్టెక్కేది కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి మాకేమీ మొహమాటం లేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. రెండు నెలలు తిరక్కముందే బీజేపీ మళ్లీ తెలుగుదేశంతో పొత్తు కట్టింది. కేంద్రంలో గద్దెనెక్కిన మొదటి వారంలోనే, రాష్ట్రం పుట్టడానికి ముందే, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆదివాసీ గూడేలను అడిగిన నాథుడు లేడు. ఫిబ్రవరిలో ఓటు, మే నెలలో వేటు! నడుమ జరిగింది ఒక పొత్తు.

మజ్లిస్ సంగతి చూడండి. శ్రీకృష్ణ కమిటీ ముందు రాష్ట్రం సమైక్యంగానే ఉండాలని, విభజన తప్పకపోతే రాయలసీమను కూడా కలిపి రాయల తెలంగాణ ఇవ్వాలని చెప్పింది. రాష్ట్రం వచ్చినాక 2018లో, 2023లో అధికార పార్టీకి మద్దతు పలికింది. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకొచ్చేసరికి కాంగ్రెస్ పక్కన నిలబడింది. గద్దె మీద ఎవరుంటే వారే దోస్తు.

మరి లౌకిక పార్టీలు? సీపీఐ తెలంగాణకు జై కొట్టింది, సీపీఎం చివరిదాకా విభజనను వ్యతిరేకించింది. తెలుగుదేశం 2008లో అనుకూలమని తీర్మానించి, 2009 డిసెంబర్ 9 ప్రకటన రాగానే రెండు కళ్ల సిద్ధాంతం వల్లించింది. కాంగ్రెస్ ఇచ్చింది, గుంజుకుంది, మళ్లీ ఇచ్చింది. ఆ నడుమ కాలంలో ఎందరు బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారో మన ఊళ్లకు తెలుసు.

లౌకికం, మతతత్వం అన్న ముద్రలు చూసి తెలంగాణ పట్ల ఎవరి వైఖరి ఏమిటో చెప్పలేం. ఆ లెక్క విడిగా తీయాల్సిందే. మత పార్టీల నీడ కూడా పడొద్దనే మిత్రులు ఈ నిజాన్ని దాటేస్తున్నారు.

జేఏసీ ఎట్లా నిలిచింది?

రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లు ఇట్లా కలవడం దేశంలో ఇదే మొదటిసారి కూడా కాదు. 1956లో పుట్టిన సంయుక్త మహారాష్ట్ర సమితిలో కమ్యూనిస్టులు, ప్రజా సోషలిస్టులు, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్, జనసంఘ్ కలిసి నడిచాయి. 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది. సమితి ఎక్కువ కాలం నిలవలేదు. పంజాబీ సుబా కొట్లాటను నడిపింది అకాలీదళ్, అచ్చంగా మత పార్టీ. సంత్ ఫతేసింగ్ ఆ డిమాండ్‌ను మతం మీద కాకుండా భాష మీద నిలబెట్టినాకే దానికి బలమొచ్చింది. 1966 నవంబర్ 1న రాష్ట్రం వచ్చింది. మరుసటేడు అకాలీలు, జనసంఘ్, కమ్యూనిస్టులు కలిసి గుర్నామ్ సింగ్ నాయకత్వంలో ప్రభుత్వం పెడితే ఏడాది కూడా నిలవలేదు. డిమాండ్ కోసం కలిసినవాళ్లు కుర్చీ దగ్గర విడిపోయారు.

మన జేఏసీని ఈ వెలుగులో చూడాలి. 2009 డిసెంబర్ 23న కేంద్రం మాట మార్చింది. మరుసటి రోజే ప్రొఫెసర్ కోదండరాం ఛైర్మన్‌గా జేఏసీ ఏర్పడింది. టీఆర్‌ఎస్, బీజేపీ, న్యూడెమోక్రసీ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వకీళ్లు, విద్యార్థులు తమ తమ జేఏసీలతో వచ్చారు. కాకతీయ యూనివర్సిటీలో రోజూ గోడ రాతల కాడ కొట్లాడుకునే సంఘాలు ఒకే నినాదం అందుకున్నాయి. ఎట్లా సాధ్యమైంది?

ఒక్కటే ఎజెండా, అది కూడా ఒక్క వాక్యంలో. గుడి గురించి లేదు, మసీదు గురించి లేదు, భూసంస్కరణల గురించీ లేదు. ఛైర్మన్ కుర్చీలో ఏ పార్టీ నాయకుడూ లేడు. అన్నిటికంటే ముఖ్యం, మూల్యం అందరూ కట్టారు. 2010 ఫిబ్రవరిలో టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు పది మంది, బీజేపీ ఎమ్మెల్యే యెండల లక్ష్మీనారాయణ, తెలుగుదేశం నుంచి చెన్నమనేని రమేశ్ రాజీనామా చేశారు. కాంగ్రెస్, తెలుగుదేశం పెద్దలు కుర్చీలు వదల్లేదు, జేఏసీలో వాళ్లకు చోటు మిగల్లేదు. జూలై ఉప ఎన్నికల్లో రాజీనామా చేసినవాళ్లను అందరూ కలిసి గెలిపించారు. పన్నెండుకు పన్నెండు! వరంగల్ పశ్చిమలో దాస్యం వినయ్‌భాస్కర్ గెలిచారు, నిజామాబాద్ అర్బన్‌లో బీజేపీ అభ్యర్థి చేతిలో పీసీసీ అధ్యక్షుడు డి.శ్రీనివాసే ఓడారు. ఆ మరుసటేడు సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె. జీతం లేకుండా పండుగ చేసుకున్న ఉద్యోగి తన పక్కన నిలబడ్డవాడి జెండా రంగు అడగలేదు.

ఇది మొదటి తరాజు గెలిచిన రోజు. మరి రెండోది?

పాలమూరులో తెగిన దారం

2012 మార్చిలో మహబూబ్‌నగర్ ఉప ఎన్నిక వచ్చింది. ఎవరో రాజీనామా చేసిన సీటు కాదది, ఎమ్మెల్యే మరణంతో ఖాళీ అయిన సీటు. టీఆర్‌ఎస్ సయ్యద్ ఇబ్రహీంను నిలబెట్టింది. బీజేపీ యెన్నం శ్రీనివాసరెడ్డిని నిలబెట్టింది. రెండూ జేఏసీలో ఉన్న పార్టీలే, ఇద్దరు అభ్యర్థులూ జై తెలంగాణ అన్నవాళ్లే. రెండు వేల లోపు ఓట్ల తేడాతో బీజేపీ గెలిచింది. తెలంగాణవాదమే గెలిచిందని ఇరుపక్షాలూ సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఉద్యమంలో కలిసి నడిచిన ముస్లిం యువకుడి గుండెలో ఆ రోజు ఒక అనుమానం పడింది. కొట్లాటలో కావాల్సిన మేము ఓటు పెట్టె దగ్గర పరాయివాళ్లమా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జేఏసీ దగ్గర జవాబు లేదు. ఎందుకంటే సీటు దగ్గర పోటీ వస్తే ఏం చేయాలన్నది ముందుగా ఎవరూ రాసుకోలేదు.

మూడు నెలల తర్వాత మన జిల్లాలో పరకాల. అక్కడా టీఆర్‌ఎస్, బీజేపీ ఎవరి అభ్యర్థిని వారు పెట్టుకున్నాయి. వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున కొండా సురేఖ బరిలో ఉన్నారు. టీఆర్‌ఎస్ అభ్యర్థి మొలుగూరి బిక్షపతి పదహారు వందల లోపు ఓట్లతో గట్టెక్కారు. ఇంకొన్ని ఓట్లు అటు ఇటైతే ఓరుగల్లు గడ్డ మీద ఉద్యమం తలదించుకోవాల్సి వచ్చేది. ఆ బాధ్యత ఎవరిది అయ్యేది?

తెలంగాణకు పనికొస్తే చాలనే మిత్రులు ఈ రెండో తరాజును చిన్నచూపు చూస్తున్నారు. మన ఊరి ముచ్చటే తీసుకోండి. ఉర్సు పేరు పెట్టుకున్న బస్తీలోనే, రంగలీల మైదానంలో, దసరా నాడు రావణవధ జరుగుతుంది. కాజీపేట దర్గా ఉర్సుకు ఏ కులమని, ఏ మతమని అడగరు. పీర్ల పండుగకు ఊరి జనమంతా కదులుతారు. ఏ పార్టీ తీర్మానం చేసి పుట్టించిన ఐక్యత కాదిది. తెలంగాణ అంటే ఈ కలగలుపు బతుకే అని చెప్పే కదా మనం రాష్ట్రం అడిగాం! దాన్ని ఓట్ల కోసం చీల్చే పొత్తు తెలంగాణను గెలిపించినట్టే కనిపించి లోపల ఓడగొడుతుంది. హిందువుల పేరు చెప్పుకునే పార్టీకైనా, ముస్లింల పేరు చెప్పుకునే పార్టీకైనా ఈ తరాజు ఒక్కటే.

రాతలో లేని మాట

పొత్తుల్లో మనం మోసపోయిన ప్రతిచోటా ఒక కాగితం ఉంది, లేదా ఉండాల్సిన కాగితం లేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో రక్షణలన్నీ రాసుకున్నారు. కాపలా ఎవరో రాయలేదు. 1971లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది, వరంగల్ కూడా అందులో ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓటేసిన జనాన్ని అడిగారా?

2004లో టీఆర్‌ఎస్ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ సీట్లు గెలిచింది. యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ మాట ఎక్కింది. ఎట్లా ఎక్కింది? తగిన సమయంలో, సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం వచ్చినాక పరిశీలిస్తామని. తేదీ లేని హామీ అది. 2006లో టీఆర్‌ఎస్ మంత్రి పదవులు వదులుకుని బయటికి రావాల్సి వచ్చింది. 2009లో మహాకూటమి. విభజన వద్దనే సీపీఎం, నిన్నగాక మొన్న జై కొట్టిన తెలుగుదేశం, టీఆర్‌ఎస్, సీపీఐ ఒకే తాడుకు కట్టుకున్నాయి. మన జిల్లాలో 12 సీట్లలో కూటమికి దక్కినవి ఐదు, అందులో టీఆర్‌ఎస్‌ది ఒక్కటే. రాష్ట్రం మొత్తంలో 45 చోట్ల పోటీచేసి పది గెలిచింది. ఒకరి ఓటు ఇంకొకరికి పడలేదు. ఎందుకు పడాలి? కలిసి ఏం చేస్తారో చెప్పనోళ్లకు జనం కలిసి ఓటేస్తారా?

రాష్ట్రం వచ్చినాక కూడా ఇదే తంతు. 2018లో కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఐ, తెలంగాణ జన సమితి కూటమి కట్టాయి. నామినేషన్ల గడువు దాకా సీట్ల పంచాయితీ తెగలేదు. వరంగల్ పశ్చిమను తెలుగుదేశానికి వదిలారు. ఉమ్మడి జిల్లాలో టీఆర్‌ఎస్‌కు పది, కాంగ్రెస్‌కు రెండు. 2023లో లెక్క తిరగబడింది, కాంగ్రెస్‌కు పది, బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్‌కు రెండు. సీట్లు ఇటు నుంచి అటు మారాయి, మన బాకీలు మాత్రం మారలేదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్ చదవండి. రైల్వే కోచ్ ఫ్యాక్టరీకి, ఉక్కు కర్మాగారానికి ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. పెట్టాలని రాయలేదు, పరిశీలించాలని రాశారు! కాజీపేటలో రైల్వే యూనిట్‌కు శంకుస్థాపన 2023 జూలైలో జరిగింది. ములుగు గిరిజన యూనివర్సిటీ చట్టానికి 2023 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం వచ్చి పదేళ్లు దాటినా బయ్యారంలో కొలిమి వెలగలేదు. ఒక్క క్రియాపదం మన పిల్లల పదేళ్లు మింగింది.

మన షరతులు

అందుకే విద్యార్థులను, ఉద్యోగులను, ఉద్యమ అభిమానులను మేము కోరేది ఒక్కటే. పొత్తు ఎవరితో అన్న ప్రశ్నకు ముందు, పొత్తు దేని మీద అని అడగండి. ఏ పార్టీలు కలిసినా ఈ నాలుగు షరతులు ముందు పెట్టండి.

ఒకటి, ఉమ్మడి ఎజెండా నామినేషన్లకు ముందే తెలుగులో, ఉర్దూలో అచ్చేసి జనంలోకి రావాలి. ప్రతి హామీ పక్కన తేదీ ఉండాలి. పరిశీలిస్తాం, ప్రయత్నిస్తాం అనే మాటలు చెల్లవు.

రెండు, ఉమ్మడి వేదిక మీద ఏ మతాన్నీ కించపరచొద్దు. కట్టు తప్పిన అభ్యర్థికి కూటమిలోని పార్టీలన్నీ ఆ రోజే మద్దతు వాపసు తీసుకోవాలి. ఈ షరతుకు ఒప్పుకోని మత పార్టీతో పొత్తే వద్దు. ఒప్పుకున్న పార్టీని ముద్ర చూసి తరమొద్దు.

మూడు, ఒకే సీటుకు ఇద్దరు మిత్రులు పోటీ పడితే ఏం చేయాలో ముందే రాసుకోవాలి. పాలమూరు, పరకాల మళ్లీ రావొద్దు.

నాలుగు, కాపలా పార్టీల చేతిలో ఉండొద్దు. ఓరుగల్లులో అధ్యాపకులున్నారు, వకీళ్లున్నారు, ఉద్యోగ సంఘాలున్నాయి, విద్యార్థులున్నారు. ఆరు నెలలకోసారి కూర్చుని ఏది జరిగింది, ఏది జరగలేదని బహిరంగంగా లెక్క చెప్పాలి. గెలిచినోళ్లు పార్టీ మారితే, పార్టీయే ఇంకో పార్టీలో కలిసిపోతే మొదట నిలదీయాల్సింది కూడా వీళ్లే.

ఇవన్నీ పార్టీలు ఒప్పుకుంటాయా అని కొందరు నవ్వొచ్చు. 2010లో రాజీనామాలు చేయమంటే కూడా నవ్వారు. చేసినోళ్లను జనం నెత్తిన పెట్టుకున్నారు, చేయనోళ్లు ఊళ్లల్లో తిరగలేకపోయారు. పార్టీలకు సిగ్గు నేర్పింది తీర్మానాలు కాదు, దారికి అడ్డంగా నిలబడ్డ విద్యార్థి, ఆఫీసుకు తాళమేసిన ఉద్యోగి. ఆ బలం మన దగ్గర ఉన్నన్ని రోజులే పొత్తులకు భయం ఉంటుంది.

రేపు ఎన్నికల్లో చేతులు కలిపి పైకెత్తిన నాయకులు మీ వాడకు వస్తారు. దండలు వేయడానికి తొందరపడొద్దు. కలిసిన చేతుల్లో కాగితం ఉందా అని అడగండి. ఉంటే చదవండి, తేదీలు వెతకండి. తర్వాత మీ పక్కింటి తలుపు తట్టి, ఆ కాగితం వాళ్లకూ సమ్మతమేనా అని అడగండి. రెండు తరాజులూ నిలబడ్డాకే ఓటు వేయండి.

జై తెలంగాణ!